వంశధార ఇసుకలో చెలమ

"పూజ చేస్తున్నా మనసు నిలవడం లేదు, గుడికి వెళ్ళినా ఖాళీగానే తిరిగొస్తున్నాను, ఏం చేయాలి?" అని మీరు అడిగారు. నాకు జరిగింది చెప్తాను.

నాన్న పోయాక ఏడాదిన్నర నేను దీపం వెలిగించలేదు. దేవుడి మీద కోపమేం లేదు, ఏమీ అనిపించేది కాదంతే. విశాఖలో ఉద్యోగం, పిల్ల స్కూలు, రాత్రయితే ఫోను. ధ్యానం నేర్పే యాప్ ఒకటి పెట్టుకుని వారానికే తీసేశాను. అప్పుడు అమ్మ అడిగింది, "మీ నాన్నతో ఏటా ముఖలింగం ఎల్లేవోళ్ళం. ఓపాలి తీసుకెల్తావేటే?" అని. కాదనలేక బయల్దేరాను.

శ్రీకాకుళం నుంచి ముఖలింగం సుమారు 46 కిలోమీటర్లు. ఒకప్పుడు తూర్పు గాంగ రాజుల రాజధాని కళింగనగరం ఇదే. రాజధానిని కటకానికి (ఇప్పటి కటక్) మార్చిన అనంతవర్మ చోడగంగుడే పూరీ జగన్నాథుడి గుడి కట్టించడం మొదలుపెట్టాడు. అంత వైభవం చూసిన ఊళ్ళో ఇప్పుడు మూడు పాత గుళ్ళు, చుట్టూ పొలాలు, పక్కన వంశధార. మధుకేశ్వరుడి గుడి ముందు కూర్చుని అమ్మ నా కూతురికి కథ చెప్పింది. సవర గిరిజనుల దొర భార్యలిద్దరూ ఇప్పపూల కోసం తగువులాడుకున్నారట. విసిగిపోయి ఆయన చెట్టు నరకబోతే శివుడు ముఖంతో కనిపించాడట. మధుకం అంటే ఇప్పచెట్టే. ఈ కథ నాన్న నాకూ చెప్పాడు. సగం మర్చిపోయానని అప్పుడు తెలిసింది.

గోడల మీద శాసనాలున్నాయి. గిడుగు రామమూర్తి గారు పుట్టిన పర్వతాలపేట కూడా ఈ వంశధార ఒడ్డునే ఉంది. ఆయన పాత లిపులు సొంతంగా నేర్చుకుని ఇక్కడి శాసనాలు చదివారు. ఇవాళ మనం మాట్లాడినట్టే రాసుకోగలుగుతున్నామంటే అందులో ఆయన పోరాటం ఎంతో ఉంది. అమ్మకి చదువు రాదు. ఆ అక్షరాల మీద అరచేయి ఆనించి చాలాసేపు అలా నిలబడింది. "మీ నాన్న కూడా ఇక్కడే సెయ్యెట్టేవోడు" అంది. నాకు ఏడుపొచ్చింది. నాన్న పోయిన రోజున రాని ఏడుపు అది.

మధ్యాహ్నం ఏట్లోకి దిగాం. వేసవి కదా, నీళ్ళు ఎక్కడో అవతలి పాయలో ఉన్నాయి. అమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ఇసుకలో కూర్చుని చేతులతో చెలమ తవ్వడం మొదలుపెట్టింది. మోచేతి లోతు వచ్చేసరికి తడి తగిలింది, ఆ తర్వాత బురద నీళ్ళు ఊరాయి. నా కూతురు దోసిలి పెట్టబోయింది. "ఆగవే గుంటా, ముందు బురదే వస్తాది. తోడి పారెయ్" అంది అమ్మ. తోడారు. మళ్ళీ ఊరాయి, మళ్ళీ తోడారు. మూడోసారి అడుగున ఇసుక రేణువులు కనిపించేంత తేటగా వచ్చాయి. ముగ్గురం ఆ నీళ్ళతో మొహం కడుక్కున్నాం. చల్లగా, కాస్త మట్టివాసనతో ఉన్నాయి. గుళ్ళో పెట్టలేని దణ్ణం అక్కడ పెట్టాను.

ఆ రాత్రి ఇంటికొచ్చి దీపం వెలిగించాను. ఇప్పటికీ అన్ని రోజులూ కుదరదు, కుదిరిన రోజు మాత్రం చేతులు మొక్కుబడిగా జోడించడం లేదు.

మీది ఏ ఊరో చెప్పలేదు. ఎక్కడైనా సరే, ప్రశాంతత కోసమని ఒంటరిగా కొత్త చోటికి పోకండి. మీ అమ్మానాన్నలు చిన్నప్పుడు ఏ గుడికి, ఏ ఏటికి, ఏ కొండకి వెళ్ళేవారో అడిగి, వాళ్ళని వెంటబెట్టుకుని అక్కడికే వెళ్ళండి. ఫోటోలు తర్వాత తీసుకోవచ్చు, ముందు వాళ్ళని మాట్లాడనివ్వండి. ముఖలింగమే అనుకుంటే, శివరాత్రి తర్వాత చక్రతీర్థ స్నానానికి జనం విపరీతంగా వస్తారు, పెద్దవాళ్ళు నలిగిపోతారు. మామూలు రోజున పొద్దున్నే చేరుకోండి. చెలమ తవ్వాలంటే మాత్రం ఎండాకాలమే.