వాతావరణ ఎమర్జెన్సీ ప్రకటించమని కేంద్రంపై కేసు వేయొచ్చా?

ప్రశ్న: నేను రిటైరైన సైన్స్ టీచర్ని. ఎండలు, అకాల వానలు ఏటికేడు ముదురుతున్నాయి. వాతావరణ మార్పును జాతీయ ఎమర్జెన్సీగా ప్రకటించాలని కేంద్ర ప్రభుత్వాన్ని కోరుతూ నేనూ, నా పాత విద్యార్థులూ కలిసి సంతకాలు సేకరిస్తున్నాం. ప్రభుత్వం పట్టించుకోకపోతే సుప్రీంకోర్టులో పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) వేద్దామని కొందరు, పర్యావరణ కేసులు వినే గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్దామని కొందరు అంటున్నారు. అసలు కోర్టు అలా ప్రకటించమని ఆదేశించగలదా? బ్రిటన్, కెనడా ప్రకటించాయి కదా? మేం ముందుగా ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: ‘ఎమర్జెన్సీ ప్రకటించండి’ అన్న ఒక్క కోరికతో వెళ్తే ఏ కోర్టూ మీ పిటిషన్ని ముందుకు పోనివ్వదు. అయితే మీ సంతకాల పని వృథా కాదు. అందులో అడిగేది మారిస్తే ప్రభుత్వం జవాబు చెప్పక తప్పని స్థితి తేవచ్చు. ఎలాగో చెప్తాను.

మన రాజ్యాంగంలో ఎమర్జెన్సీకి సంబంధించిన అధికరణలు మూడు: 352, 356, 360. చివరి రెండూ రాష్ట్రపతి పాలనకు, ఆర్థిక అత్యవసర పరిస్థితికి సంబంధించినవి. మీరు మనసులో పెట్టుకున్నది 352. దానికి కారణాలు మూడే: యుద్ధం, విదేశీ దురాక్రమణ, సాయుధ తిరుగుబాటు. ఒకప్పుడు ‘అంతర్గత కల్లోలం’ అనే సాగదీయగల మాట ఉండేది. 1975లో దాన్ని ఎలా వాడారో చూశాక 1978లో 44వ సవరణతో తీసేశారు. ఎండలూ వరదలూ ఎంత తీవ్రమైనా ఈ మూడింటిలోకి రావు. రానందుకు నేను సంతోషిస్తాను కూడా. యుద్ధం పేరు మీద ఎమర్జెన్సీ వచ్చిందంటే 19వ అధికరణ ఇచ్చిన స్వేచ్ఛలు పక్కకు తప్పుకుంటాయి. మీరు ఈరోజు ఊరేగింపు తీసి, కరపత్రం పంచి, సంతకాలు అడుగుతున్నది ఆ అధికరణ బలంతోనే.

పార్లమెంటు రాజ్యాంగంతో ముడిపెట్టకుండా, ‘ఇది అత్యవసర పరిస్థితి’ అని ఉత్త తీర్మానం చేయొచ్చు. బ్రిటన్‌లో జరిగింది అదే. 2019 మే 1న అక్కడి కామన్స్ సభ వాతావరణ ఎమర్జెన్సీ తీర్మానాన్ని ఆమోదించింది. దానికి చట్టబలం లేదు. మూడేళ్ల తర్వాత, 2022 జులైలో, నికర కర్బన ఉద్గారాలను సున్నాకు తెచ్చే ప్రభుత్వ ప్రణాళిక సరిగా లేదని లండన్ హైకోర్టు తప్పుబట్టింది. ఏ ఆధారంతో? 2019 తీర్మానంతో కాదు, 2008లోనే చేసిన వాతావరణ మార్పు చట్టంతో. ఎప్పటిలోగా ఎంత తగ్గించాలో, ఎవరు ఎవరికి లెక్క చెప్పాలో ఆ చట్టంలో రాసి ఉంది కాబట్టి న్యాయమూర్తికి పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికింది.

కెనడా సంగతి ఇంకా విచిత్రం. అక్కడి దిగువ సభ 2019 జూన్ 17న ఎమర్జెన్సీ తీర్మానం చేసింది. మర్నాడే, జూన్ 18న, అదే ప్రభుత్వం ట్రాన్స్ మౌంటెన్ చమురు పైప్‌లైన్ విస్తరణకు అనుమతి ఇచ్చింది. ఆ పైప్‌లైన్ అప్పటికి ప్రభుత్వం సొంతదే! తీర్మానాన్ని చూపించి ఆ అనుమతిని ఆపే దారి ఎవరికీ లేకపోయింది. మీ విద్యార్థులకు ఈ రెండు దేశాల కథ తప్పకుండా చెప్పండి. ప్రకటన వచ్చిన రోజు పండగ చేసుకుంటాం, ఆ తర్వాత దాంతో ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

ఇక మన దగ్గర పనికొచ్చే చట్టం సంగతి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టాన్ని ఒకసారి చదవండి. అందులో సెక్షన్ 2(డి) ‘విపత్తు’ అంటే ఏమిటో చెబుతుంది. కారణం ప్రకృతి కావచ్చు, మనిషి కావచ్చు. ప్రాణనష్టం, ఆస్తినష్టంతో పాటు పర్యావరణం దెబ్బతినడాన్నీ అందులో చేర్చారు. ఆ ప్రాంత ప్రజలు తట్టుకోగల శక్తిని మించి ఉండాలన్నది షరతు. వడగాలులు, కుండపోత, తుపాను ఈ నిర్వచనంలో ఇమడవని వాదించడం ఏ ప్రభుత్వ న్యాయవాదికైనా కష్టమే. 2020లో దేశమంతా లాక్‌డౌన్ పెట్టింది ఈ చట్టం కిందే. అప్పుడు 352 అవసరమే పడలేదని గమనించండి. అంటే అత్యవసరంగా వ్యవహరించడానికి కేంద్రానికి అధికారం ఎప్పటినుంచో ఉంది, దానికి ‘ఎమర్జెన్సీ’ అన్న పేరు అక్కర్లేదు.

కోర్టు ఈ చట్టాన్ని ఎలా చదువుతుందో చూపించే తీర్పు ఒకటి ఉంది. బాధితులకు అందించాల్సిన కనీస సాయం ఏమిటో మార్గదర్శకాలు ఇవ్వాలని సెక్షన్ 12 జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థకు చెబుతోంది. ప్రాణం పోతే ఇచ్చే పరిహారం కూడా అందులో భాగమే. కోవిడ్ మృతుల విషయంలో కేంద్రం ‘ఇది మా విచక్షణ’ అంది. 2021 జూన్ 30న రీపక్ కన్సల్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు, సెక్షన్ 12 తప్పనిసరి విధి అంది. అయితే నాలుగు లక్షలు ఇవ్వండి అని పిటిషనర్లు కోరితే, ఎంత మొత్తం ఇవ్వాలో తాము చెప్పబోమంది. తర్వాత ప్రాధికార సంస్థ 50 వేల రూపాయలు ఖరారు చేసింది. కోర్టు ఎంతవరకు వస్తుంది, ఎక్కడ ఆగుతుంది అన్నది ఈ ఒక్క తీర్పులో మొత్తం కనిపిస్తుంది. చట్టం మోపిన పని చేయమంటుంది. ఆ పనిని ఎంత డబ్బుతో, ఏ పద్ధతిలో చేయాలన్నది ప్రభుత్వానికే వదిలేస్తుంది. కొత్త చట్టం చేయమని పార్లమెంటును ఆదేశించడం మాత్రం తమ పని కాదని మన కోర్టులు పదేపదే చెప్పాయి.

ఇక్కడే మీ పత్రానికి పదునైన కోరిక ఒకటి దొరుకుతుంది. విపత్తు సహాయ నిధి నుంచి ఖర్చు పెట్టడానికి కేంద్రం ఒక జాబితా పెట్టుకుంది. 15వ ఆర్థిక సంఘం (కేంద్ర, రాష్ట్రాల మధ్య నిధుల పంపకాన్ని సూచించే సంఘం) కాలానికి ఇచ్చిన మార్గదర్శకాల్లో అందులో 12 విపత్తులు ఉన్నాయి: తుపాను, కరువు, భూకంపం, వరద వంటివి. చలిగాలులు ఉన్నాయి, వడగాలులు లేవు! రాష్ట్రాలు కావాలంటే తమ స్థానిక విపత్తుగా ప్రకటించుకుని, నిధిలో పది శాతం దాకా వాడుకోవచ్చని ఆ మార్గదర్శకాలు చెప్పాయి. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో అదే చేసింది, వడదెబ్బ మృతుల కుటుంబాలకు నాలుగు లక్షల పరిహారం ప్రకటించింది. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆర్థిక సంఘం కాలం కాబట్టి, మీరు ఉత్తరం రాసేముందు అప్పటికి అమల్లో ఉన్న జాబితా తీసి చూసుకోండి. జాతీయ జాబితాలో వడగాలులు లేకపోతే, ‘ఎందుకు చేర్చలేదో కారణాలతో చెప్పండి’ అని అడగండి. దానికి జవాబు ఇవ్వకుండా తప్పించుకోవడం అంత తేలిక కాదు.

హక్కుల వైపు నుంచి కూడా మీ చేతిలో మంచి తీర్పు ఉంది. బట్టమేక పిట్టలు కరెంటు తీగలకు తగిలి చచ్చిపోతున్నాయని ఎం.కె. రంజిత్‌సిన్హ్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 మార్చి 21న తీర్పు ఇచ్చింది. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు 14 (సమానత్వం), 21 (జీవించే హక్కు) అధికరణల్లో ఉందని మొదటిసారి స్పష్టంగా చెప్పింది. దేశంలో ఈ అంశం మీద ప్రత్యేకించి ఒక చట్టం లేదని కూడా రాసింది. కాకపోతే ఆ కేసులో గెలిచింది పిట్ట కాదు. సౌర విద్యుత్తు కోసం తీగలు అవసరమని, అంతకుముందు విశాలమైన ప్రాంతంలో తీగలన్నీ భూమిలోంచి వేయాలన్న తన ఆదేశాన్ని కోర్టు సడలించింది. ఆ తీర్పును ఉదహరించేటప్పుడు ఈ సంగతి మీకు తెలిసి ఉండాలి, అవతలి లాయరు ఎత్తి చూపిస్తాడు. పర్యావరణాన్ని కాపాడాలంటూ 1976లో వచ్చిన 48ఏ అధికరణను కూడా చాలామంది పిటిషన్ నిండా రాస్తారు. అది ఆదేశిక సూత్రం, దాన్ని మాత్రమే పట్టుకుని కోర్టులో నిలబడలేం. 21కి తోడుగా వాడుకోవాలి.

వాతావరణ మార్పుపై దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందాన్ని భారత్ 2016 అక్టోబరు 2న ధ్రువీకరించింది. 2070కల్లా నికర ఉద్గారాలు సున్నా చేస్తామని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రకటించింది. అంతర్జాతీయ న్యాయస్థానం కూడా 2025 జులై 23న, వాతావరణాన్ని కాపాడే బాధ్యత దేశాలకు చట్టరీత్యా ఉందని సలహా అభిప్రాయం ఇచ్చింది. ఇవన్నీ వాదనకు బలం ఇస్తాయి. అంతవరకే. వీటిని చూపించి మన కోర్టులో డిక్రీ తెచ్చుకోలేం.

నేను మీకు నమూనాగా చూపించేది పక్క దేశపు కేసు. 2015లో పాకిస్తాన్‌లో ఒక రైతు లాహోర్ హైకోర్టుకు వెళ్లాడు. ఎమర్జెన్సీ ప్రకటించమని అతను అడగలేదు. ‘2012లో మీరే వాతావరణ విధానం రాసుకున్నారు, దాన్ని అమలు చేసే ప్రణాళిక కూడా రాసుకున్నారు, ఆ పనులు ఎందుకు చేయడం లేదు?’ అన్నాడు. జస్టిస్ మన్సూర్ అలీ షా ఒక్కో మంత్రిత్వ శాఖ నుంచి ఒక బాధ్యుడి పేరు ఇమ్మన్నారు, ఆ ఏడాది డిసెంబరు 31లోగా పూర్తి చేయగల పనుల జాబితా ఇమ్మన్నారు, పర్యవేక్షణకు కమిషన్ వేశారు. పేరు, పని, తేదీ. మన దగ్గర కూడా 2008 నుంచి జాతీయ కార్యాచరణ ప్రణాళిక ఉంది, ఎనిమిది మిషన్లతో. విపత్తు చట్టం సెక్షన్ 37 ప్రకారం కేంద్రంలోని ప్రతి మంత్రిత్వ శాఖకూ విపత్తు ప్రణాళిక ఉండాలి. సెక్షన్ 31 ప్రకారం జిల్లా ప్రణాళికను ఏటా సమీక్షించి సవరించాలి. ఎన్ని చోట్ల ఇది కాగితం మీదైనా జరుగుతోందో మీ విద్యార్థుల చేత ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టించండి. ఫీజు పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మొదటి అప్పీలు వేయండి. ఆ జవాబులే రేపు మీ కేసుకు ప్రాణం. పత్రికా కత్తిరింపులు అంటించి తెచ్చిన పిల్‌ను న్యాయమూర్తులు ఎలా చూస్తారో నాకు తెలుసు.

గ్రీన్ ట్రిబ్యునల్ దారి మీకు ఇప్పుడు వద్దు. ఆ ట్రిబ్యునల్‌ను ఏర్పరచిన 2010 చట్టం షెడ్యూలులో ఉన్న ఏడు పర్యావరణ చట్టాల అమలుకు సంబంధించిన వివాదాలే అది వింటుంది. విపత్తు నిర్వహణ చట్టం ఆ ఏడింటిలో లేదు. పైగా ఆ 2010 చట్టం సెక్షన్ 14 కింద వెళ్లాలంటే వివాదం తలెత్తిన ఆరు నెలల్లో వెళ్లాలి, సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు. 2017లో తొమ్మిదేళ్ల రిధిమా పాండే వాతావరణ మార్పుపై కేంద్రం చేస్తున్నది చాలదని ఇదే ట్రిబ్యునల్‌కు వెళ్లింది. పర్యావరణ అనుమతులు ఇచ్చేటప్పుడు పారిస్ ఒప్పందాన్ని పరిగణనలోకి తీసుకోవడం లేదని అనుకోవడానికి కారణం లేదంటూ 2019 జనవరిలో ఆ దరఖాస్తును కొట్టేశారు. ఆమె అక్కడినుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఫలానా ప్రాజెక్టు, ఫలానా అనుమతి అని మీ దగ్గర నిర్దిష్టమైన ఫిర్యాదు ఉన్నప్పుడు ట్రిబ్యునల్ మంచి వేదికే.

వరస కూడా ముఖ్యం, దీన్ని చాలామంది తలకిందులు చేస్తారు. ముందు లోక్‌సభ పిటిషన్ల కమిటీకి వెళ్లండి. తెలుగులో రాయొచ్చు, హిందీ లేదా ఇంగ్లీషు అనువాదం జతచేసి దానిమీదా సంతకం పెట్టాలి. మీ ఎంపీ చేత సభలో ప్రవేశపెట్టించగలిగితే మరీ మంచిది. కోర్టు విచారణలో ఉన్న అంశాన్ని ఆ కమిటీ తీసుకోదు. అంటే పిల్ వేసేశాక ఆ తలుపు మూసుకుపోతుంది. సంతకాలన్నీ ఇక్కడ ఉపయోగపడతాయి, కోర్టులో కాదు. పదివేల మంది సంతకం పెట్టారని కోర్టు వేరే తీర్పు ఇవ్వదు.

దానితో పాటే కేంద్ర హోం శాఖకు, పర్యావరణ శాఖకు, జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థకు విడివిడిగా వినతిపత్రాలు స్పీడ్ పోస్టులో పంపి రసీదులు దాచండి. ‘ఈ పని మీ బాధ్యత, చేయండి’ అని అడిగినట్టు, వాళ్లు చేయనన్నట్టు లేదా ఉలకనట్టు రుజువు లేకపోతే మాండమస్ రిట్ (చట్టం మోపిన పని చేయమని అధికారులను ఆదేశించమని కోరే పిటిషన్) నిలవదు. వినతిపత్రంలో ‘ఎమర్జెన్సీ’ అన్న మాట తీసేయమని నేను అనడం లేదు. మొదటి పేరాలో ఉంచుకోండి, జనం చేరేది ఆ మాటకే. కోరికల భాగంలో మాత్రం ఏ సెక్షన్, ఏ శాఖ, ఎప్పటిలోగా అన్నవే ఉండాలి, నాలుగైదుకు మించకుండా.

అప్పటికీ పలకకపోతే 226వ అధికరణ కింద మీ హైకోర్టుకు వెళ్లండి. నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్తే ముందు హైకోర్టుకు వెళ్లి రమ్మని పంపేసే అవకాశమే ఎక్కువ. విపత్తు చట్టం కింది చర్యలపై కింది కోర్టులకు సెక్షన్ 71 ఎలాగూ అధికారం ఇవ్వలేదు. పిటిషనర్లుగా మీతో పాటు ఎండలో పనిచేసే కూలీలను, వరదకు పంట పోయినవాళ్లను, వడదెబ్బకు మనిషిని పోగొట్టుకున్న కుటుంబాన్ని చేర్చండి. అలాంటి మరణాల్లో పోస్టుమార్టం లేక గుండెపోటు అని రాసేసిన సందర్భాలు ఉంటాయి కాబట్టి ఆస్పత్రి కాగితాలు జాగ్రత్తగా చూసుకోండి. వరద, కరువు వంటి విపత్తుల బాధితులకు, స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు 1987 నాటి న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 కింద ఉచిత న్యాయ సహాయం ఉంది. హైకోర్టు న్యాయ సేవల కమిటీకి దరఖాస్తు పెడితే లాయరు ఫీజు గురించి మీకు టెన్షన్ ఉండదు. ఆర్టీఐ జవాబులు చేతికి వచ్చాక, పోస్టు రసీదుల తేదీలతో కలిపి, ఆ దరఖాస్తుకే జత చేయండి.