నర్సరీలో అమ్మే ఊదా ఆకుల మొక్క ఐర్లాండ్ షామ్‌రాకేనా?

మీరు అడిగినవి రెండు. నర్సరీలో షామ్‌రాక్ (ఐర్లాండ్‌కు గుర్తుగా చెప్పుకునే మూడు భాగాల ఆకు మొక్క) అని చెప్పి అమ్మిన ఊదా ఆకుల మొక్క నిజంగా ఐర్లాండ్ వాళ్ళదేనా? డబ్లిన్‌లో ఉన్న మీ తమ్ముడు అసలు విత్తనాలు తెస్తే హైదరాబాద్‌లో మొలుస్తాయా? మొదటిదానికి జవాబు, కాదు. రెండోది, చలికాలంలో అయితే పెరుగుతుంది. కానీ విత్తనాలు మీ తమ్ముడితో తెప్పించుకోకండి, ఎందుకో కింద రాశాను.

ఈ పొరపాటు నేనూ చేశాను. డబ్లిన్ పక్కన లూకన్‌లో అద్దెకుండేవాళ్ళం. అక్కడికి వెళ్ళాక వచ్చిన మొదటి మార్చి 17, సెయింట్ పాట్రిక్ పండుగ. ఐర్లాండ్‌లో క్రైస్తవాన్ని వ్యాప్తి చేశాడని చెప్పే సాధువు ఆయన. అందరూ కోటుకు షామ్‌రాక్ పెట్టుకుంటారని విని, సూపర్‌మార్కెట్‌లో కొన్న కుండీలోంచి ఓ ఊదా ఆకు తుంచి దర్జాగా గుచ్చుకుని బయటికొచ్చాను. పక్కింటి పెద్దాయన చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. "అది బ్రెజిల్ మొక్కయ్యా, పాట్రిక్ అంత దూరం ఎప్పుడు వెళ్ళాడు?" అన్నాడు. వంగి మా పచ్చికలోంచే నాలుగు లేత రెమ్మలు గిల్లి నా చేతిలో పెట్టాడు. ప్రతి శనివారం కలుపు అనుకుని నేను పీకి పారేస్తున్నది అదే!

ఆ ఊదా మొక్క ఆక్సాలిస్ జాతిది. ఇంటికెళ్ళి ఒక ఆకు కొరికి చూశాను, పుల్లగా ఉంది. చిన్నప్పుడు అమ్మమ్మ వాళ్ళ పెరట్లో తెంపుకుని నమిలిన పులిచింతాకు గుర్తొచ్చింది. అవును, మన పులిచింతకు అది దగ్గరి చుట్టం. తేడా కనిపెట్టడం తేలికే. ఆక్సాలిస్ ఆకులో మూడు భాగాలూ కొసన నొక్కుతో హృదయాకారంలో, ఈ ఊదా రకంలో అయితే త్రికోణంలా ఉంటాయి, పువ్వుకు ఐదు రెక్కలు. పెద్దాయన గిల్లి ఇచ్చిన పచ్చిక మొక్క పేరు క్లోవర్. క్లోవర్ ఆకు గుండ్రంగా ఉంటుంది, పూలు చిన్న చిన్నవి గుత్తిగా పూస్తాయి, ఆకులో పులుపు ఉండదు.

మరి అసలు షామ్‌రాక్ ఏది? ఇక్కడే తమాషా ఉంది. ఐరిష్‌లో ఆ మాటకు లేత క్లోవర్ అనే అర్థం, అంతే. ఫలానా మొక్క అని కాదు. 1890ల్లో నథానియల్ కోల్గన్ అనే ఆయన దేశం నలుమూలల నుంచి 'మా ఊళ్ళో షామ్‌రాక్ ఇదే' అని జనం పంపిన మొక్కల్ని నాటి, పూసేదాకా పెంచి చూశాడు. ఒక్క మొక్క కాదు, రకరకాలు తేలాయి. 1988లో చార్ల్స్ నెల్సన్ అనే వృక్షశాస్త్రవేత్త మళ్ళీ అదే పని చేస్తే పసుపు పూల చిన్న క్లోవర్‌కు 46 శాతం, తెల్ల క్లోవర్‌కు 35 శాతం వచ్చాయి. మిగతావి వేరే మొక్కలు. మార్చిలో పూలుండవు, లేత ఆకుల్ని చూసి ఏది ఏదో చెప్పడం కష్టం కదా.

పాట్రిక్ మూడు భాగాల ఆకు చూపించి క్రైస్తవుల త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడనే నమ్మకాన్ని) వివరించాడనే కథ మీరు వినే ఉంటారు. ఆయన 5వ శతాబ్దం మనిషి. ఆ కథ రాతలో మొదటిసారి కనిపించేది 1726లో, కేలబ్ థ్రెల్‌కెల్డ్ రాసిన మొక్కల పుస్తకంలో. అందుకే నాకు పెద్దగా నమ్మకం లేదు, కథ మాత్రం బాగుంది. ఇంకో మాట, నాలుగు ఆకులది అదృష్టానికి గుర్తు, షామ్‌రాక్ కాదు. పండుగ బ్యానర్ల మీద నాలుగాకులు కనిపిస్తే మా పెద్దాయనకు ఒళ్ళు మండేది. పాస్‌పోర్టు మీద, నాణేల మీద ఉండే ప్రభుత్వ చిహ్నం షామ్‌రాక్ అనుకునేరు, అది హార్ప్ అనే తీగల వాయిద్యం.

పెంపకం సంగతి. విదేశాల నుంచి విత్తనాలు తేవాలంటే ప్లాంట్ క్వారంటైన్ కాగితాలుండాలి, ఆ టెన్షన్ ఎందుకు? తెల్ల క్లోవర్ విత్తనాలు మన దగ్గరే ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. తిరిగొచ్చాక నేను నవంబర్‌లో వెడల్పాటి తొట్టిలో చల్లాను. విత్తనం మరీ సన్నం, పైన పల్చగా మట్టి జల్లితే చాలు. వారంలోపే మొలిచాయి. డిసెంబర్, జనవరి కళకళలాడింది, ఏప్రిల్ ఎండకు మాడిపోయింది. యూరియా వేయకండి, వేరు బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని అందిస్తుంది, మన పెసర, మినుములకు మల్లే.

ఊదా మొక్కను పారేయాల్సిన పనేం లేదు, అందంగానే ఉంటుంది. నేరుగా ఎండ పడని బాల్కనీలో పెట్టండి. కుక్కో పిల్లో ఉంటే వాటికి అందనివ్వకండి, ఆకుల్లోని ఆక్సలేట్ అనే పదార్థం వాటికి మంచిది కాదు. ఎప్పుడైనా ఆకులన్నీ వాలి ఎండిపోతే నీళ్ళు తగ్గించి కొన్ని వారాలు ఆగండి. మట్టిలో చిన్న దుంపలుంటాయి, మళ్ళీ చిగురేస్తాయి. నేనది తెలియక చచ్చిపోయిందనుకుని ఒక కుండీ చెత్తబుట్టలో బోర్లించాను.