లైబ్రరీ అంటే గ్రంథాలయమేనా?

సందేహం: గుంటూరులో మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవారి కోసం డీఎన్‌ఏ సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏలోని రసాయన అక్షరాల వరసను చదవడం) పద్ధతిని తెలుగులో రాస్తున్నాను. ‘రక్తపు నమూనా నుండి డీఎన్‌ఏను వేరు చేసి గ్రంథాలయమును తయారు చేయవలెను’ అని రాస్తే తోటివారు అర్థం కాలేదన్నారు. తప్పు ఎక్కడుంది? శాంపిల్‌ను ‘మచ్చు’ అనవచ్చా?

సమాధానం: వ్యాకరణం తప్పలేదు, అర్థం తప్పింది. గ్రంథాలయం అన్న మాటలో గ్రంథమూ ఉంది, ఆలయమూ ఉంది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టింది మన బెజవాడలోనే. ఆ మాట వింటే ఇక్కడివారికి పుస్తకాల బీరువాలు, పేపరు చదువుకునే పెద్దలు గుర్తొస్తారు.

ల్యాబ్‌లో జరిగేది వేరు. కణాలను పగలగొట్టి, ప్రొటీన్లను తొలగించి తీసిన డీఎన్‌ఏ పోగులు చాలా పొడవుగా ఉంటాయి. చిన్న ముక్కలను చదివే యంత్రాల కోసం వాటిని కొన్ని వందల అక్షరాల ముక్కలుగా చేయాలి. కొసలు సరిచేసి, రెండు వైపులా అడాప్టర్లు అనే చిన్న డీఎన్‌ఏ తునకలు అతికించాలి. యంత్రం ముక్కను పట్టుకునేది, చదవడం మొదలుపెట్టేది వాటి ఆధారంతోనే. ఇలా సిద్ధమై ట్యూబులో ఉన్న ముక్కలన్నిటినీ కలిపి లైబ్రరీ అంటారు.

‘కూర్పు’ అందామా అని నాకూ అనిపించింది. దండ కూర్చినట్టు ఉండే చక్కని మాట. కానీ చదివిన ముక్కలను తర్వాత కంప్యూటర్‌లో వరసగా కలిపే పని ఒకటుంది. కూర్పు దానికి బాగా నప్పుతుంది, అక్కడికే దాచుకుందాం. లైబ్రరీని లైబ్రరీగానే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘అడాప్టర్లు అతికించిన డీఎన్‌ఏ ముక్కల సముదాయం’ అని వివరించండి.

మచ్చు మంచి తెలుగు మాట. మీ మిర్చి యార్డులో టిక్కీ బస్తాలోంచి చూపడానికి తీసే గుప్పెడు కాయలు మచ్చే. నోటితో చెప్పేటప్పుడు హాయిగా వాడండి. అయితే రక్త నమూనా, మట్టి నమూనా అనడానికి జనం అలవాటు పడ్డారు. పారశీకం నుంచి వచ్చినా నమూనా మనదైపోయింది. రాతలో అదే ఉండనివ్వండి. ఒక్క జాగ్రత్త: టెంప్లేట్‌కు, అంటే చూసి నకలు తీయడానికి ఆధారమయ్యే డీఎన్‌ఏ పోగుకు, కూడా నమూనా అని రాయకండి. దరఖాస్తు నమూనా అన్నప్పుడు ఆ అర్థం ఉంది గనక చెయ్యి అటే పోతుంది. ఒకే పేజీలో రెండు రకాల నమూనాలు కనిపిస్తే, కొత్తవారు ఏ ట్యూబు సంగతి చెబుతున్నారో తెలియక టెన్షన్ పడతారు. టెంప్లేట్‌కు ‘మూస’ వాడండి.

‘గ్రంథాలయమును’, ‘చేయవలెను’ అన్న పాత రూపాలూ అక్కర్లేదు. మీరు చెబుతున్నది చేతిలో పిపెట్ పట్టుకున్న మనిషికి. ‘రక్త నమూనాలోంచి డీఎన్‌ఏ తీయాలి. ఎంత వచ్చిందో, శుభ్రంగా ఉందో లేదో చూశాక లైబ్రరీ సిద్ధం చేయాలి’ అని రాయండి.