అతణ్ణి అరుగు మీద కూర్చోబెట్టు

అమ్మాయికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి పోస్టులో నాకు చేరి నెల దాటింది. వెంటనే జవాబు రాయకపోవడానికి నా కంటి శుక్లాల ఆపరేషన్ ఒక కారణమైతే, నీ పంతొమ్మిదో ప్రకరణం రెండో కారణం. ఆపరేషన్ నుంచి పది రోజుల్లో తేరుకున్నాను గాని, ఆ ప్రకరణం మీద వచ్చిన కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు. అది చల్లారేదాకా ఆగితే ఈ ఉత్తరం రాయడమే జరగదని ఇవాళ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. అన్నట్టు, నన్ను 'మేడమ్' అని సంబోధించావు. మీది రాజోలు, మాది నరసాపురం, మధ్యన ఉన్నది ఒక్క వశిష్ఠ గోదావరి. 'అత్తయ్యగారూ' అని ఉంటే సరిపోయేది.

నువ్వు రాసిన కథనే నీకు ఒకసారి తిరిగి చెబుతాను, విను. పదకొండేళ్ల కిందట సఖినేటిపల్లి రేవులో ఒక పిల్ల చేతిసంచీ పట్టుకుని, పొద్దున ఏరు దాటించే మొదటి పంటు దగ్గర్నుంచి రాత్రి ఆఖరి పంటు వెళ్లేదాకా నిలబడింది. నరసాపురం వెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకుందామని మాట ఇచ్చినవాడు రాలేదు. ఊళ్లో తలెత్తుకోలేక ఆమె కువైట్ వెళ్లిపోయింది. 2022 జూలై వరదల్లో తిరిగివచ్చి, అదే పంటు మీద అతణ్ణి మళ్లీ చూసి, "ఆ రోజు ఎందుకు రాలేదు?" అని అడిగింది. ఇంతవరకూ నేను ఊపిరి బిగబట్టి చదివాను. అప్పుడు అతను ఆమె నోటికి అరచెయ్యి అడ్డుపెట్టి, "జరిగిందేదో జరిగిపోయింది, ఇప్పుడు వచ్చాను కదా" అన్నాడు. వాన మొదలైంది. తరువాతి ప్రకరణంలో శుభలేఖలు అచ్చయ్యాయి. ఆ అరచెయ్యి అతనిదని నువ్వు రాశావు గాని, నాకది నీదేననిపించింది.

ముందు వరద సంగతి తేల్చుకుందాం. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నువ్వు చెప్పిన ఆ జూలైలో మూడో హెచ్చరిక కూడా దాటి, 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి పోయింది. అంత వరదలో పంటు నడపరని రాజోలులో పుట్టిన నీకు నేను చెప్పవలసి రావడం నాకే చిన్నతనంగా ఉంది. వాళ్లిద్దరూ ఆ రోజు ఆ పంటు మీద ఉండే అవకాశమే లేదు. అయినా నాకు కోపం తెప్పించింది ఈ పొరపాటు కాదు, దీన్ని మూడు నిమిషాల్లో దిద్దుకోవచ్చు. 'గోదారమ్మ వాళ్ల గతాన్ని కడిగేసింది' అన్న వాక్యం చూసి మాత్రం పుస్తకం పక్కన పెట్టేశాను. ఏటి మధ్య లంకలో ఇల్లున్నవాళ్లను ఎవరినైనా అడుగు, గోదావరి ఏది కడిగిందో. నీరు తీశాక గోడ మీద నడుమెత్తున మరక ఉంటుంది, నట్టింట్లో జానెడు బురద ఉంటుంది, చూరులోకి చేరిన పాము ఉంటుంది. ఒకడి చేనులో ఒండ్రు పడితే పక్కవాడి చేనులో ఇసుక మేట వేస్తుంది, ఆ మేట తీయించడానికి బోలెడు ఖర్చవుతుంది. వరద మోసుకొచ్చి పెట్టి పోతుంది, ఎత్తిపోసుకోవలసింది మనమే.

ఇది నాకు పుస్తకాల్లో దొరికిన జ్ఞానం కాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మేము లంకలోనే కాపురం ఉన్నాం. పిల్లలనూ గేదెనూ ఏటిగట్టు మీదికి చేర్చే తొందరలో, మంచం కింద రేకు పెట్టెలో ఉన్న నా మొదటి నవల అక్కడే ఉండిపోయింది. నీరు తీశాక పెట్టె తెరిస్తే నాలుగు వందల పేజీలూ ఒకే ముద్దగా బయటికి వచ్చాయి, సిరా అంతా నీలంగా పాకిపోయి ఒక్క మాట కూడా చదవడానికి వీలు లేకుండా పోయింది. అదే నవలను బడి నుంచి వచ్చాక రాత్రిపూట జ్ఞాపకం మీద మళ్లీ రాయడానికి రెండేళ్లు పట్టింది. అందులోనూ విడిపోయి కలిసిన భార్యాభర్తలే ఉన్నారు. అతను ఆమె ఎదుట కూర్చుని తాను చేసిన తప్పును మొదటి నుంచి చివరి దాకా చెప్పే ఘట్టం ఒకటి పద్ధెనిమిది పేజీలు వచ్చింది.

ఒక వారపత్రిక దాన్ని సీరియల్‌గా వేసుకుంటామంది. ఆ సంపాదకుడుగారు నన్ను కబురంపి పిలిపించి, కుర్చీ చూపించకుండానే, "అమ్మా, ఈ పద్ధెనిమిది పేజీలూ తీసేయండి. ఇవి చదివితే ఆడవాళ్లు ఏడవడం మానేసి ఆలోచించడం మొదలుపెడతారు" అన్నారు. సంక్రాంతి ప్రత్యేక సంచికలో జంటను కలిపేయాలట, పండగ పూట ఎవరికీ సంజాయిషీలు అక్కరలేదట. నాకు ఆ డబ్బు అవసరమైంది, ఆ పేజీలు తీసేశాను. నవల పుస్తకంగా వచ్చింది, రెండో ముద్రణ కూడా వచ్చింది. తరువాత ఎన్నో ఏళ్లకు పంటు మీద ఒక పెద్దావిడ నన్ను గుర్తుపట్టి, లేసు అల్లుతున్న చెయ్యి ఆపకుండానే, "అతను ఎందుకు వెళ్లిపోయాడో మీరు రాయనేలేదేమండీ?" అని అడిగింది. నరసాపురం రేవు వచ్చేదాకా నా దగ్గర జవాబు లేదు. అదే అరచెయ్యి నేనూ ఒకప్పుడు అడ్డుపెట్టాను గనకనే నీ మీద ఇంత కోపం వచ్చిందని నువ్వనుకుంటే కాదనను.

ఇప్పుడు మా పిన్ని సంగతి చెబుతాను. నీ నవలకు నేను చెప్పదలచుకున్నది ఇందులోనే ఉంది. మా బాబాయి నాటకాల వాళ్ల వెంట వెళ్లిపోయి తొమ్మిదేళ్ల తరువాత ఒక సాయంత్రం అమ్మమ్మగారింటి ముందు దిగాడు. పిన్ని కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లిచ్చింది, వీధి అరుగు మీద చాప వేసింది, విస్తరి కూడా అక్కడే వేసి వడ్డించింది, గడప మాత్రం దాటనివ్వలేదు. "మగాడు తిరిగొచ్చాడు, అదే పదివేలు, లోపలికి పిలవవే" అని అమ్మమ్మ బతిమాలితే, "వచ్చినవి కాళ్లు. మాట ఇంకా రాలేదమ్మా" అంది. మూడు రోజులు అతను అరుగు మీదే ఉన్నాడు. మొదటి సాయంత్రం ఏయే ఊళ్లు తిరిగాడో చెప్పాడు. రెండో సాయంత్రం ఇంకొక స్త్రీ సంగతి చెప్పాడు. మూడో సాయంత్రం, వాళ్ల పిల్లవాడు పోయిన ఉత్తరం తనకు అందిందనీ, అందినా రాలేదనీ చెప్పాడు. తలుపు చాటున నిలబడి విన్న నాకప్పుడు తొమ్మిదేళ్లు. పిన్ని చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత గుమ్మం దగ్గరున్న లాంతరు తీసుకుని లోపలికి నడిచింది, ఆ వెలుతురు వెంట అతనూ నడిచాడు. ఆ పైన ఇరవై రెండేళ్లు కాపురం చేశారు. సుఖంగా చేశారా అని అడగకు. అతని ఎదుట పిన్ని మనసారా నవ్వగా నేను చూడలేదు, కాని జ్వరం వస్తే అతను కలిపి ఇచ్చిన మందే తాగేది.

నీ నాయకుణ్ణి ఆ అరుగు మీద కూర్చోబెట్టు. ఇరవై రెండో ప్రకరణంలో నువ్వు బయటపెట్టిన రహస్యం, అంటే అతను బయలుదేరబోతుండగా తల్లికి గుండెపోటు రావడం, ఆ సంగతి రాసిన చీటీ పాలేరు దగ్గరే ఉండిపోవడం, అవన్నీ దయచేసి తీసివేయి. అపార్థం తొలగడం వేరు, తప్పు ఒప్పుకోవడం వేరు. అతని తప్పే లేనప్పుడు ఆమె అతనికి ఇచ్చే రెండో అవకాశానికి అర్థమేముంది? చీటీ దొరికితే చాలు, నవల అక్కరలేదు. కారణం ఎంత చిన్నదైతే చెప్పడం అంత కష్టమవుతుంది. అతను ఆ రోజు రేవు దాకా వచ్చి, టీకొట్టు చాటు నుంచి ఆమెను చూసి, తండ్రి రాసిస్తానన్న రెండెకరాల కొబ్బరితోట గుర్తొచ్చి వెనక్కి తిరిగిపోయాడనుకో. పదకొండేళ్ల తరువాత ఆమె ముఖం చూస్తూ 'రెండెకరాలు' అన్న మాట పలకవలసి వస్తుంది. ఆ మాట అతని నోటి వెంట వచ్చేదాకా నువ్వు పేజీ తిప్పకు.

ఆమెకూ చెప్పవలసినది ఉంది, అది నువ్వు గమనించలేదు. పదో తరగతి తప్పిన పిల్ల 23 ఏళ్లకే ఇంటిపనికి కువైట్ వెళ్లిందని రాశావు. అటువంటివారికి 30 ఏళ్లు నిండనిదే ఎమిగ్రేషన్ అనుమతి ఇవ్వరు. కాబట్టి ఏజెంటు ఆమె వయసు మార్చి ఉండాలి, లేదా వేరే వీసా మీద పంపి ఉండాలి. తనది కాని పుట్టినతేదీతో పదకొండేళ్లు పరాయి ఇంట్లో బతికిన మనిషి ఒక్క అబద్ధంతోనే తిరిగిరాదు. నీ నవలలో ఆ పదకొండేళ్లకు ఒకటిన్నర పేజీ ఇచ్చి, శుభలేఖ రంగుకు రెండు పేజీలు ఇచ్చావు.

రెండో అవకాశం మన గోదావరి జిల్లాలకు కొత్త వస్తువేమీ కాదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, ఒక ఆడపిల్లకు రెండోసారి బతుకు ఇవ్వడానికి ఎంత వాదం, ఎంత వెలి, ఎంత రభస కావలసి వచ్చిందో చదువు. మగవాడికి మాత్రం అది ఎప్పుడూ అడగకుండానే దొరుకుతూ వచ్చింది. నీ నాయకుడికి కూడా ఒక వానజల్లుతో దొరికిపోయింది.

నువ్వు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి నా దగ్గర జవాబు లేదు, కలం పేరు పెట్టుకోవాలా వద్దా అన్నది అందులో ఒకటి. ఫోన్లలో చదివే యాప్‌లో భాగాలుగా వేయనా అన్నావు. వేసుకో, కాని ప్రతి భాగం చివర తలుపు చప్పుడో ఫోను మోతో పెట్టమని వాళ్లు అడిగితే ఒప్పుకోకు. మా కాలపు వారపత్రికల తుంపులే ఇప్పుడు అరచేతిలోకి వచ్చాయి. 'ఆయ్' అన్న మాట మొదటి ముప్పై పేజీల్లో నలభై ఒక్కసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. అది సినిమావాళ్లకు వదిలేయి.

ఏడో ప్రకరణంలో, నేలలో పాతిన గునపం మీద కొబ్బరికాయలు ఒలుస్తున్న తండ్రి, కూతురు వెళ్లిపోతున్నానని చెబుతుంటే తలెత్తకుండా ఇంకొక కాయ తీసుకోవడం చాలా బాగుంది. ఆ పేజీ రెండుసార్లు చదివాను.

పంతొమ్మిదో ప్రకరణం మళ్లీ రాయి. పంటూ వానా వద్దు, నీరు తీసి బురద ఇంకా ఎత్తిపోయని రోజున ఆమె ఇంటి అరుగు మీద రాయి. అతను చెప్పినదంతా విన్నాక ఆమె లోపలికి రమ్మంటుందో లేదో రాయబోయే ముందు నీకు కూడా తెలిసి ఉండకూడదు. రాతప్రతి నా దగ్గరే ఉంచుకుంటున్నాను; ఆ ఒక్క ప్రకరణం పంపు, దానికి మాత్రం నెల ఆగకుండా జవాబు రాస్తాను. మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. ఆ కొబ్బరికాయలు ఒలిచినది ఆయనేనని నా అనుమానం.

ఇట్లు,
నరసాపురం నుంచి
మీ అత్తయ్య