కూలాంబ్ లెక్కలో మైనస్‌ని ఏం చేయాలి?

+2, −3 మైక్రోకూలాంబ్ చార్జ్‌లు, మధ్య దూరం 30 సెంటీమీటర్లు, ఒకదాని మీద ఒకటి చూపే ఫోర్స్ ఎంత అన్నది లెక్క. మీకు −0.00006 న్యూటన్ వచ్చింది, కీలో 0.6 ఉంది, ఎక్కడ తప్పు అని కదా మీ ప్రశ్న. తప్పులు రెండు. ఒకటి చిన్నదే: 30ని 0.3 మీటర్లు చేయకుండా అలాగే వేసేశారు. దూరాన్ని స్క్వేర్ చేస్తాం కాబట్టి ఏకంగా 10,000 రెట్లు తేడా వచ్చింది.

రెండోది ఆ మైనస్. దాంతో నేనూ దెబ్బతిన్నవాణ్ణే. ఇంటర్‌లో ఒకే గీత మీద ప్లస్, మైనస్, ప్లస్ ఇచ్చి మధ్యదాని మీద ఫోర్స్ ఎంత అని అడిగారు. గుర్తులతో సహా ఫార్ములాలో వేశాను, రెండూ మైనస్ వచ్చాయి, కలిపేశాను. తీరా చూస్తే ఒకటి ఎడమకి లాగుతోంది, ఇంకొకటి కుడికి. ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసెయ్యాల్సింది. 4 మార్కులు గోవిందా.

ఇప్పుడు బెంగళూరులో మారతహళ్లిలో ఉంటాను. కింది ఫ్లాట్‌లోని కడపవాళ్ల అమ్మాయికి ఆదివారాలు లెక్కలు చెబుతుంటాను. తనకి ఒకటే రూలు పెట్టాను: ముందు పెన్సిల్‌తో బాణాలు గీయాలి, ఆ తర్వాతే కాలిక్యులేటర్. దగ్గరకా, దూరంగానా అన్నది చెప్పడంతో ప్లస్, మైనస్‌ల పని అయిపోతుంది. ఫార్ములాలో (9 × 10⁹ అనే స్థిరాంకం × రెండు చార్జ్‌లు ÷ దూరం స్క్వేర్) అంకెలు మాత్రమే వేయాలి: 9 × 10⁹ × 2 × 10⁻⁶ × 3 × 10⁻⁶, దాన్ని 0.09తో భాగిస్తే 0.6. అంటే ఒక కోడిగుడ్డు బరువంత.

"అంకుల్, 3 పెద్దది కదా, దాని మీద ఎక్కువ ఫోర్స్ ఉండదా?" అంది ఒకసారి. ఉండదమ్మా, రెండిటి మీదా అదే 0.6. గుణకారంలో ముందేది, వెనకేది అని ఉండదు కదా.

ఫిబ్రవరిలో ప్లాస్టిక్ దువ్వెనని తలకి రుద్ది కాగితం ముక్కల దగ్గర పెట్టమన్నాను. టకటకా ఎగిరి అతుక్కున్నాయి. చెన్నైలో ఉన్నప్పుడు ఇదే చేస్తే ఒక్కటీ కదల్లేదు, తేమకి చార్జ్ నిలవదు. తీగ మెలికతో ఈ బలాన్ని కొలిచిన కూలాంబ్‌కీ చార్జ్ కారిపోవడం తలనొప్పే అయింది.

అన్నట్టు, మీ లెక్కలో "నీటిలో" అన్న మాట ఉందేమో ఒకసారి చూసుకోండి. నీటిలో ఈ ఫోర్స్ దాదాపు 80 రెట్లు తగ్గిపోతుంది, కాబట్టి ఉంటే 0.6ని 80తో భాగించాలి, 0.0075 న్యూటన్ వస్తుంది.