రాకీస్ ఈసారి ఎన్ని గెలుస్తుంది? మీ ప్రశ్నలు, నా జవాబులు

అమెరికా బేస్‌బాల్ సీజన్ మార్చి చివర్లో మొదలవుతుంది. పోయిన సంచికలో డెన్వర్‌లో ఉండే కొలరాడో రాకీస్ టీమ్ గురించి నాలుగు ముక్కలు రాసినందుకు ఇన్ని ప్రశ్నలు వస్తాయని అనుకోలేదు. అన్నిటికీ చోటు లేదు, కొన్నిటికి జవాబు చెప్తున్నా.

అక్కా, పోయినేడు 43 గెలిచి 119 ఓడిన టీమ్ అది. ఈ 2026లో ఎన్ని గెలుస్తుందో ఒక్క అంకె చెప్పండి. చుట్టూ తిప్పొద్దు.
*ఇంజినీరింగ్ విద్యార్థి, చిత్తూరు*

58.

తిప్పను గానీ తమ్ముడూ, ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పకపోతే అది చిలక జోస్యం అవుతుంది. పోయినేడు రాకీస్ 162 ఆటల్లో వేసిన రన్స్ 597, ఇచ్చిన రన్స్ 1021. తేడా 424. ఈ ఆధునిక కాలంలో ఏ టీమూ ఇంత తేడాతో మునగలేదు. 1932లో బోస్టన్ రెడ్ సాక్స్ పేరు మీదున్న 349 రికార్డు ఎప్పుడో వెనకబడిపోయింది. బిల్ జేమ్స్ అనే ఆయన కనిపెట్టిన లెక్క ఒకటుంది. వేసిన రన్స్‌ని వర్గం చెయ్యి, ఇచ్చిన రన్స్‌నీ వర్గం చెయ్యి, రెండూ కూడి ఆ మొత్తంతో మొదటి దాన్ని భాగించు, గెలుపు శాతం దాదాపుగా వస్తుంది. నువ్వే వేసి చూడు, పోయినేటికి 41 వస్తుంది, వాళ్ళు గెలిచింది 43. అంటే దురదృష్టం వెంటాడి ఓడిన టీమ్ కాదు, నిజంగానే అంత చెడ్డగా ఆడారు.

ఈసారి 670 వేసి 900 ఇస్తారని నా అంచనా. అదే లెక్కలో పెడితే 58 దగ్గరికి వస్తుంది. అంటే మళ్ళీ 104 ఓటములు, వరుసగా నాలుగో ఏడు వంద దాటడం. అది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, కానీ అభిమానం ఉంది కదా అని 75 అని రాస్తే మీకు అబద్ధం చెప్పినట్టే. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ వీళ్ళ డివిజన్‌లోనే, అంటే వీళ్ళున్న ఐదు టీముల గుంపులోనే ఉంది, వరుసగా రెండేళ్ళు ప్రపంచ చాంపియన్ అయిన టీమ్. దాంతో ఏడాదికి 13 ఆటలు ఆడాలి.

ఎత్తైన ఊరు కాబట్టే పిచర్లు (బంతి విసిరేవాళ్ళు) దెబ్బతింటున్నారని మా మనవడు అంటాడు. బంతికి ఎత్తుతో ఏం పని అమ్మా?
*రిటైర్డ్ లెక్కల మాస్టారు, మదనపల్లె*

మాస్టారూ, మీ ఊరి పక్కనే హార్సిలీ హిల్స్ ఉంది కాబట్టి మీకు చెప్పడం సులువు. మా తిరుమల కొండ 2,800 అడుగులు, మీ హార్సిలీ కొండ 4,000 దాటుతుంది, డెన్వర్ 5,280, అంటే సరిగ్గా ఒక మైలు. 2024 వేసవిలో మా చిన్నోడి దగ్గర మూడు నెలలున్నా, అక్కడ కందిపప్పు కుక్కర్ లేకుండా ఉడికించాలని చూస్తే గంటన్నరైనా పలుకు పోలేదు. గాలి పల్చన, నీళ్ళు 95 డిగ్రీలకే మరిగిపోతాయి.

ఆ పల్చటి గాలే బంతినీ పట్టుకోదు. కొట్టిన బంతి ఇంకో ఇరవై అడుగులు ఎగిరిపోతుంది. కానీ అసలు కష్టం అది కాదండీ. పిచర్ బంతిని తిప్పి వదిలితే గాలి రాపిడికే అది వంగాలి, ఆ వంపు డెన్వర్‌లో తగ్గిపోతుంది. మన స్పిన్నర్‌కి తిరగని పిచ్ ఇచ్చి సీజన్‌లో సగం ఆటలు అక్కడే ఆడమన్నట్టు. 2002 నుంచి బంతుల్ని తేమ ఉన్న గదిలో దాచి వాడుతున్నారు, కొంత మేలు జరిగింది. హోమ్ రన్స్ (మన సిక్సర్ల లాంటివి) తగ్గాలని మైదానం పెద్దగా కట్టారు, దాంతో ఫీల్డర్ల మధ్య ఖాళీలు పెరిగి మామూలు హిట్లు ఎక్కువయ్యాయి.

అయినా మీ మనవడితో నేను పూర్తిగా ఒప్పుకోను. పోయినేడు సొంత ఊళ్ళో 25 గెలిస్తే బయట గెలిచింది 18. బయట ఎత్తు లేదు కదా! సొంతూళ్ళో వంగని బంతులకి అలవాటు పడిన బ్యాటర్లకి బయట వంపులు అందవని ఒక వాదన ఉంది, అందులో నిజమూ ఉంది. కానీ ఆట మొదలుపెట్టే పిచర్లు, అంటే స్టార్టర్లు, తొమ్మిది ఇన్నింగ్స్‌కి, అంటే ఒక పూర్తి ఆటకి, సగటున ఇచ్చింది 6.65 రన్స్. అంత దారుణాన్ని కొండ మీదికి తోసేస్తే ఎలా? ఇదే డెన్వర్‌లో పుట్టి పెరిగిన కైల్ ఫ్రీలాండ్ 2018లో సగటు 2.85తో 17 గెలిచాడు, అదే గాలిలో, అదే మైదానంలో.

మేడమ్, కొత్త యాజమాన్యం వచ్చిందంటున్నారు. ఏమైనా మారుతుందా?
*బ్యాంకు ఉద్యోగిని, తిరుపతి*

యజమానులు మారలేదండీ, టీమ్‌ని నడిపేవాళ్ళు మారారు. పోయిన మేలో శాన్ డియేగో చేతిలో 21-0తో చిత్తుగా ఓడారు, మర్నాడు అదే టీమ్ మీద గెలిచారు, గెలిచిన ఆ రోజే మేనేజర్ (మన హెడ్ కోచ్ లాంటివాడు) బడ్ బ్లాక్‌ని పంపించేశారు. అప్పటికి 40 ఆటల్లో 7 గెలుపులు. తర్వాత వచ్చిన వారెన్ షేఫర్‌నే కొనసాగిస్తున్నారు. ఆయన పైన, టీమ్ వ్యవహారాలన్నీ చూసుకోడానికి, పాల్ డిపొడెస్టాని తెచ్చారు. 2000ల మొదట్లో ఓక్లండ్‌లో లెక్కలతో తక్కువ డబ్బుకి మంచి టీమ్ కట్టిన వాళ్ళలో ఆయనొకడు.

నాకు ఇది చాలా పెద్ద మార్పు. ఇన్నేళ్ళూ ఈ టీమ్‌లో బయటివాళ్ళకి చోటు లేదు, లోపలివాళ్ళనే పైకి తెచ్చుకుంటూ పోయారు. క్రిస్ బ్రయంట్‌కి 2022లో ఏడేళ్ళకి 18 కోట్ల 20 లక్షల డాలర్లు ఇచ్చారు, పాపం గాయాలతో ఎక్కువ ఆడిందే లేదు. ఆయన్ని నేను తప్పు పట్టను, నడుం నొప్పి ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ పిచింగ్ కూలిపోతుంటే అంత డబ్బు ఒక బ్యాటర్ మీద పెట్టిన ఆలోచనని మాత్రం తప్పంటాను. ఈ చలికాలంలో మైకేల్ లొరెంజెన్ లాంటి అనుభవమున్న పిచర్‌ని తెచ్చారు. ఆయన గొప్ప స్టార్ కాదు, ఐదారు ఇన్నింగ్స్ నిలబడతాడు. వీళ్ళకి కావాల్సింది సరిగ్గా అదే. స్టార్టర్ నాలుగో ఇన్నింగ్స్‌లోనే దిగిపోతే వెనక వచ్చేవాళ్ళకి రోజూ పని పడి, వారం తిరిగేసరికి వాళ్ళ భుజాలు పడిపోతాయి.

ఎవర్ని చూడాలి?
*డిగ్రీ విద్యార్థిని, శ్రీకాళహస్తి*

క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) హంటర్ గుడ్‌మన్. పోయినేడు 31 హోమ్ రన్స్, ఆల్ స్టార్. ఫీల్డింగ్ ఇష్టమైతే సెంటర్‌లో బ్రెంటన్ డోయల్ పరుగు.

గెలిచే టీములు ఇన్ని ఉండగా మీకు ఇదెందుకు పట్టింది?
*గృహిణి, పుత్తూరు*

ఆ మూడు నెలల్లో మావాడు నన్ను రాకీస్ మైదానం కూర్స్ ఫీల్డ్‌కి తీసుకెళ్ళాడు. పై అంతస్తులో సీట్లన్నీ ఆకుపచ్చ, ఇరవయ్యో వరస మాత్రం ఊదా రంగు. అది సరిగ్గా మైలు ఎత్తు గుర్తు. మేము ఆ వరసలో కూర్చున్నాం. ఆ రోజు కూడా ఓడారు. నా పక్కన ఎనభై ఏళ్ళ పెద్దాయన ఒడిలో స్కోరు పుస్తకం పెట్టుకుని, పెన్సిల్‌తో ప్రతి బంతీ రాస్తున్నాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌కి తొమ్మిది రన్స్ వెనకున్నా ఆయన గీత వంకర పోలేదు. టీమ్ పుట్టిన 1993 నుంచీ వస్తున్నాడట. ఇన్నేళ్ళలో ఒక్కసారీ డివిజన్ గెలవలేదు. 2007లో మాత్రం 22 ఆటల్లో 21 గెలిచి వరల్డ్ సిరీస్‌కి, అంటే ఫైనల్‌కి చేరారు, అక్కడ బోస్టన్ చేతిలో నాలుగుకి నాలుగూ ఓడారు. ఆ శరదృతువు గురించి చెప్తుంటే ఆయన గొంతు మారింది. నాకు ఆ క్షణం నుంచి ఇది నా టీమ్ అయిపోయింది తల్లీ, ఇంకో కారణం లేదు.

మన టైమ్‌కి ఎప్పుడు చూడాలి? మీ జోస్యం తప్పో ఒప్పో ఎప్పుడు తెలుస్తుంది?
*మెడికల్ షాపు యజమాని, తిరుపతి*

డెన్వర్‌లో సాయంత్రం 6:40కి మొదలైతే మనకి తెల్లారి 6:10. కాఫీ కలుపుకుని కూర్చోవచ్చు.

రెండోదానికి సెప్టెంబరు దాకా ఆగక్కర్లేదండీ. గెలుపులు చూడకండి, ఇచ్చిన రన్స్ చూడండి. పోయినేటి లెక్కన 40 ఆటలకి 252 పడాలి. నేను చెప్పిన 900 నిజం కావాలంటే 40 ఆటలకి 222 దాటకూడదు. దాటితే నా 58 తప్పు, వచ్చి అడగండి, ఒప్పుకుంటా. మా వంటింట్లో టీటీడీ క్యాలెండర్‌లో మే రెండో వారం దగ్గర పెన్సిల్‌తో 222 అని రాసి పెట్టుకున్నా.