మీ అమ్మ మంచం పక్కన నువ్వు చూసుకోవాల్సినవి

చి. సౌ. సుజాతకు,

పెద్దమ్మ ఆశీస్సులు.

అమ్మకి రాళ్ళున్న గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) తీసేయాలన్నారనీ, వచ్చే నెల మొదటి వారంలో లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) అనీ చెప్పావు. సర్జన్ ఎవరు, ఏ గది, ఇన్సూరెన్స్ ఎంత ఇస్తుంది అన్నవి నువ్వూ అల్లుడూ ఎలాగూ తేల్చుకున్నారు. నేను రాసేది మిగతా సంగతి. ఆస్పత్రిలో అంటుకునే ఇన్ఫెక్షన్లు, జరిగే పొరపాట్లు, వాటిలో మంచం పక్కన కూర్చున్న మనిషి ఆపగలిగినవి. అవి తక్కువేం కాదు. చాలామందికి తెలియక కాదు, మొహమాటం అడ్డొచ్చి ఊరుకుంటారు. "డాక్టరుగారు ఏమనుకుంటారో" అన్నదాన్ని ఈ పది రోజులూ ఇంట్లో పెట్టి తాళం వేసెయ్.

అమ్మకి షుగరుంది కదా, ముందు ఆ సంగతి. గాయం మానాలన్నా, చీము పట్టకుండా ఉండాలన్నా సగం దాని మీదే ఉంది. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు చెప్పే రక్తపరీక్ష) ఈ వారమే చేయించు. 8 దాటి ఉంటే, నొప్పి, జ్వరం లేకుండా ఉన్నంతవరకు కొన్ని వారాలు ఆగొచ్చా అని సర్జన్‌నే అడుగు. ఆపరేషన్ రోజూ, ఆ తర్వాత రెండు మూడు రోజులూ 180 లోపు ఉండేలా చూస్తారు. 200 దాటితే సూక్ష్మజీవుల్ని ఎదుర్కొనే తెల్లకణాల చురుకు తగ్గిపోతుంది.

అమ్మ వేసుకునే మాత్రలన్నీ ఒక కాగితం మీద రాయి. పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట. స్ట్రిప్పుల ఫోటోలు కూడా ఫోన్లో ఉంచుకో. ఆ కాగితాన్ని సర్జన్‌కే కాదు, మత్తు డాక్టరుకి విడిగా చూపించు. చివర్న "గ్లిఫ్లోజిన్" అని వచ్చే షుగరు మాత్రలు (డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్) మూడు రోజుల ముందే ఆపాలి. ఆపకపోతే రక్తంలో ఆమ్లం పెరిగిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు గ్లూకోమీటరు 150 చూపిస్తుంటుంది, మనిషి వాంతులు చేసుకుంటూ ఆయాసపడుతుంటుంది. షుగరు బాగానే ఉంది కదా అని ఎవరికీ అనుమానం రాదు. మెట్‌ఫార్మిన్ ఆ ఉదయం వద్దంటారు. రక్తాన్ని పల్చబరిచే క్లోపిడోగ్రెల్ లాంటిది ఉంటే కనీసం అయిదు రోజుల ముందు ఆపిస్తారు. కానీ గుండెకి స్టెంట్ వేసినవాళ్ళ విషయంలో ఆ నిర్ణయం గుండె డాక్టరుదే. ఇవేవీ నీ అంతట నువ్వు ఆపకు, ఎవరు ఎప్పుడు ఆపమన్నారో కాగితం మీద రాయించుకో. ఏ మందైనా పడకపోతే, దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే, అది కేస్ షీటు మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఉండాలి. ఉందో లేదో నీ కళ్ళతో చూడు.

"రాత్రి పదింటి తర్వాత చుక్క నీళ్ళు కూడా వద్దు" అని వార్డులో ఇప్పటికీ చెబుతుంటారు. గట్టి ఆహారానికి ఆరు గంటలు, నూనె వంటలకి ఎనిమిది గంటలు, మంచినీళ్ళకి రెండు గంటలు. మత్తు డాక్టర్లు మామూలుగా పాటించే లెక్క ఇది. షుగరున్న మనిషిని పద్నాలుగు గంటలు ఎండబెట్టడం తప్పు. అందుకే ఆ రోజు ఆపరేషన్ల లిస్టులో మొదటి కేసుగా పెట్టమని ముందే అడుగు, చాలాచోట్ల ఒప్పుకుంటారు.

ఇన్సులిన్ పెడితే సిరంజి మూత రంగు చూడు. మన దగ్గర సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లది, దాని సిరంజికి ఎర్ర మూత. 100 యూనిట్లదానికి నారింజ మూత. 40 సిరంజితో 100 ఇన్సులిన్ లాగితే రెండున్నర రెట్లు లోపలికి పోతుంది. తిరగేసి వాడితే సగం కూడా అందదు. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని చూడటానికి నువ్వు నర్సు చదువు చదవక్కర్లేదు.

ముందురోజు రాత్రీ, ఆపరేషన్ ఉదయమూ సబ్బుతో తలతో సహా స్నానం చేయించు. ఉతికిన బట్టలు, ఉతికిన దుప్పటి. నూనె, పౌడరు, పసుపు ఒంటికి రాయొద్దు. ఇంట్లో రేజరుతో పొట్ట గీయించొద్దు. రేజరు చర్మం మీద కంటికి కనపడని గాట్లు పెడుతుంది, రాత్రికి వాటిలో సూక్ష్మజీవులు చేరతాయి. వెంట్రుకలు అడ్డమైతే అక్కడే క్లిప్పరుతో కత్తిరిస్తారు. అందరూ మర్చిపోయేది బొడ్డు. ఈ ఆపరేషన్‌లో కెమెరా వెళ్ళేది దాని పక్కనుంచే. ఏళ్ళ తరబడి పేరుకున్న మట్టి గట్టిపడి రాయిలా ఉంటుంది. నాలుగు రోజుల ముందు నుంచే రోజూ కాస్త కొబ్బరి నూనె వేసి నానబెట్టి, దూది పుల్లతో మెల్లగా తీసి, సబ్బు నీళ్ళతో కడుగు. చివరి రోజు నూనె ఉండకూడదు.

ఇక అసలు భయపడాల్సిన విషయం, లాప్రోస్కోపీ పరికరాలు. సన్నగా, పొడుగ్గా, కీళ్ళూ గొట్టాలూ ఉంటాయి వాటికి. ముందు విడదీసి, బ్రష్‌తో కడిగి, నెత్తురు మరకంతా పోయాక గానీ శుద్ధి చెయ్యకూడదు. గడ్డకట్టిన నెత్తురు కింద దాక్కున్న సూక్ష్మజీవిని ఏ రసాయనమూ తాకలేదు. ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన ఆవిరి) తట్టుకునేవి ఆటోక్లేవ్‌కి, తట్టుకోనివి ఈటీఓ అనే గ్యాస్‌కి గానీ, వేడి తక్కువుండే ప్లాస్మా శుద్ధికి గానీ వెళ్ళాలి. కేసుకీ కేసుకీ మధ్య టైము లేక కొన్నిచోట్ల 2 శాతం గ్లూటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక ద్రావణంలో ఇరవై నిమిషాలు ముంచి తీసేస్తారు. ఇరవై నిమిషాలకి చాలా క్రిములు చస్తాయి, మొండి బీజాలు (స్పోర్లు) చావవు. వాటికి ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. తీశాక కుళాయి నీళ్ళతో కడిగితే ఆ నీళ్ళలో ఉండే మైకోబాక్టీరియా (టీబీ క్రిమి జాతికి చెందినది) మళ్ళీ పరికరానికి ఎక్కుతుంది. దాని ఫలితం మూడు నాలుగు వారాల తర్వాత కనిపిస్తుంది. మానిపోయిందనుకున్న చిన్న రంధ్రం దగ్గర గట్టి గడ్డ, పల్చటి చీము, మామూలు యాంటీబయాటిక్‌కి లొంగని పుండు. నెలల తరబడి మందులు వాడాలి.

మన దగ్గరే జరిగింది మర్చిపోవద్దు. 2022 ఆగస్టు 25న హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నంలో ఒక్క రోజులో 34 మంది ఆడవాళ్ళకి లాప్రోస్కోపీతో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు, ఇన్ఫెక్షన్‌తో నలుగురు చనిపోయారు. అది క్యాంపు, అమ్మది క్యాంపు కాదు. కానీ ఆ రోజు లిస్టులో ఎన్ని కేసులున్నాయి, పరికరాల సెట్లు ఎన్ని ఉన్నాయి అన్న ప్రశ్న ఏ ఆస్పత్రిలోనైనా అడగదగ్గదే. "సార్, మీ లాప్రోస్కోపీ సెట్లు ఆటోక్లేవ్ చేస్తారా, ద్రావణంలో వేస్తారా?" అని ఓపీలో మామూలుగా అడుగు. జవాబు తడుముకోకుండా చెబితే మంచిది. విసుక్కుంటే ఇంకో ఆస్పత్రిలో రెండో అభిప్రాయం తీసుకో, రాళ్ళు ఎక్కడికీ పోవు.

థియేటర్‌కి తీసుకెళ్ళేటప్పుడు చేతి పట్టీ మీద పేరు, ఐపీ నంబరు (ఆస్పత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చేది) సరిగ్గా ఉన్నాయా చూడు. ఒక్కో వార్డులో ముగ్గురు లక్ష్ములుంటారు, ఇంటిపేరు కూడా రాయమను. "మీరు వెంకటలక్ష్మిగారేనా?" అని అడిగితే మగతలో ఉన్న మనిషి ఏ పేరుకైనా తలూపుతుంది. "మీ పేరు చెప్పండమ్మా" అని అడగాలి, ఆవిడే చెప్పాలి. లోపల ఏం జరుగుతుందో నువ్వు చూడలేవు గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్టు ఉంది. పందొమ్మిది అంశాలు. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, బయటికి తెచ్చే ముందు ఆగి గట్టిగా చదవాలి. గాజుగుడ్డల లెక్క, సూదుల లెక్క అందులోవే. ఎనిమిది నగరాల్లో (ఢిల్లీ కూడా ఉంది) వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయి. "ఇక్కడ అది చదువుతారా?" అని ముందే అడుగు. కొన్నిచోట్ల కేసు అయిపోయాక టీ తాగుతూ టిక్కులు పెట్టేస్తారు, అది దండగ.

యాంటీబయాటిక్ గురించి రెండు ముక్కలు. షుగరుంది కాబట్టి ఒక డోసు ఇస్తారు. అది కోతకి ముందు గంటలోపు పడాలి. వార్డులో పొద్దున్నే ఇచ్చేసి మధ్యాహ్నం కేసు చేస్తే దాని బలం అప్పటికే తగ్గిపోతుంది. తర్వాత అయిదు రోజులు, ఏడు రోజులు రాసిచ్చే ఇంజెక్షన్ల వల్ల గాయానికి అదనంగా ఒరిగేది లేదు. విరేచనాలు, మొండికేసే క్రిములు మిగులుతాయి. ఎందుకు రాశారో అడిగితే తప్పేం లేదు.

వార్డులోకి వచ్చాక ఇన్ఫెక్షన్ తెచ్చేవి చేతులు. ప్రతి మంచం దగ్గరా హ్యాండ్ రబ్ ఉండాలి. లేకపోతే కొని టేబుల్ మీద పెట్టు. సిస్టర్ ముందు మంచం నుంచి అవే గ్లవ్స్‌తో వస్తే "సిస్టర్, ఒక్కసారి" అని బాటిల్ అందించు. నవ్వుతూ అందిస్తే ఎవరూ తప్పుపట్టరు.

క్యాన్యులాని (నరంలో పెట్టే సన్నటి గొట్టం) దగ్గరగా చూడు. పైన చిన్న రంగు మూత ఉంటుంది, ఇంజెక్షన్ ఇచ్చేందుకు దాన్ని తీసి చాలామంది దుప్పటి మీద పెడతారు, మళ్ళీ అదే బిగిస్తారు. దుప్పటి మీదిదంతా నేరుగా నరంలోకి. ఇవ్వబోయే ముందు ఆ మూత కింది రంధ్రం నోటిని స్పిరిట్ దూదితో పదిహేను సెకన్లు రుద్దాలి. సెలైన్ బాటిల్‌లోకి గాలి పోవడానికి పైన సూది గుచ్చి వదిలేయడం ఇంకో దురలవాటు. గాలి ఫిల్టరున్న ఐవీ సెట్ దొరుకుతుంది, అదే తెప్పించు. క్యాన్యులా పెట్టిన తేదీ ప్లాస్టర్ మీద రాయించు. ఎర్రబడినా, తాడులా గట్టిపడినా, ముట్టుకుంటే నొప్పన్నా వెంటనే తీయించు. నోటితో తాగగలుగుతోందంటే అసలు అది ఎందుకు ఉంచారో అడుగు. మూత్రం గొట్టం ఈ ఆపరేషన్‌కి సాధారణంగా అక్కర్లేదు. పెడితే సంచి మూత్రాశయం కంటే కిందే వేలాడాలి, నేలకి తగలకూడదు, ఎప్పుడు తీస్తారని రోజూ అడుగు.

ఇంకో పొరపాటు మనవాళ్ళే చేస్తారు. సిస్టర్ బీపీ మాత్ర ఇచ్చి వెళ్తుంది, అరగంటకి అత్తగారో ఆడపడుచో పర్సులోంచి ఇంటి మాత్ర తీసి ఇస్తారు. ఇంటి మందుల సంచి సిస్టర్‌కి అప్పగించు, లేదా ఇంటికి పంపెయ్. చూడటానికి వచ్చేవాళ్ళని కింద క్యాంటీన్‌లోనే కలువు. జలుబున్నవాళ్ళని, మంచం మీద కూర్చునేవాళ్ళని అసలు రానివ్వకు.

తీసిన గాల్‌బ్లాడర్‌ని, రాళ్ళని ట్రేలో చూపిస్తారు. అందరూ రాళ్ళు లెక్కపెట్టుకుంటారు. నువ్వు మాత్రం "బయాప్సీకి పంపుతున్నారా?" అని అడుగు. ఎప్పుడైనా ఒకటీ అరా అందులోనే క్యాన్సర్ బయటపడుతుంది. డబ్బా నీ చేతికిచ్చి ల్యాబ్‌లో ఇమ్మంటే, పేరు, ఐపీ నంబరు మూత మీద కాదు, డబ్బా మీద ఉండాలి. మూతలు మారిపోతాయి.

ఇంటికొచ్చాక భుజం నొప్పి రెండు మూడు రోజులుంటుంది, పొట్టలోకి ఎక్కించిన గ్యాస్ వల్ల, భయపడకండి. కడుపు నొప్పి మాత్రం రోజురోజుకీ తగ్గాలి. రెండో రోజు కంటే మూడో రోజు ఎక్కువైందంటే, వాంతులు, జ్వరం, కళ్ళు పచ్చబడటం, పొట్ట ఉబ్బడం ఏది కనిపించినా "గ్యాస్ అయ్యుంటుంది" అని జీలకర్ర నీళ్ళు పట్టొద్దు. అదే రోజు సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళు. పైత్యరసం వెళ్ళే నాళం దెబ్బతినడం వెయ్యిలో మూడు నుంచి అయిదు మందికి జరుగుతుంది, తొందరగా పట్టుకుంటే బాగుచేస్తారు. లోపల అంటుకుపోయి సరిగ్గా కనపడకపోతే కెమెరా పక్కనపెట్టి కోత పెడతారు, అది మంచి సర్జన్ లక్షణం. కన్సెంట్ ఫారంలో ఆ మాట ఉంటే సంతకం పెట్టడానికి జంకకు.

డ్రెస్సింగ్ నలభై ఎనిమిది గంటలు తడపొద్దు. తర్వాత స్నానం చేసి మెత్తగా అద్దాలి. నాలుగో వారంలో బొడ్డు దగ్గరి మచ్చని వేలితో నొక్కి చూడు, గట్టి గడ్డ తగిలితే ఫోటో తీసి నాకు పంపి, సర్జన్ దగ్గరికి వెళ్ళు. చీము వస్తుంటే దాన్ని మామూలు కల్చర్‌కే (ఏ క్రిమో తేల్చే ల్యాబ్ పరీక్ష) కాక మైకోబాక్టీరియా కల్చర్‌కి కూడా పంపమని అడుగు. బయాప్సీ రిపోర్ట్ పది రోజుల్లో రాకపోతే ల్యాబ్‌కి ఫోన్ చెయ్యి, వాళ్ళు చెయ్యరు.

మాత్రల కాగితం రాసి నాకు వాట్సాప్‌లో పెట్టు, ఓసారి చూస్తాను.

మీ పెద్దమ్మ